దాడి చేయని పిల్లలు

2025లో వచ్చిన కొత్త మాన్‌స్టర్ మాన్యువల్‌ను, అంటే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలోని రాక్షసుల పుస్తకాన్ని తెరిచి, పాత అలవాటు కొద్దీ ఓర్క్ అనే రాక్షసజాతి పేజీ కోసం వెతికితే అది ఉండవలసిన చోట లేదు. తలో పాత్ర ధరించి, పాచికలు వేస్తూ, మాటలతో కథ నడిపే ఈ ఆటకు యాభై ఏళ్లు నిండిన 2024లో విడుదలైన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో మాత్రం, ఆటగాళ్లు తమ పాత్ర కోసం ఎంచుకోదగిన జాతుల మధ్య, ఎల్ఫ్‌ల పక్కన, డ్వార్ఫ్‌ల పక్కన ఓర్క్ నిలబడి ఉంది. చంపవలసినవాళ్ల పట్టీలోంచి ఆడదగినవాళ్ల పట్టీలోకి మారిందన్నమాట. గోబ్లిన్లు, కోబోల్డ్‌లు, నోల్‌లు ఇంకా రాక్షసుల పుస్తకంలోనే ఉన్నారు గాని వాళ్ల వర్గం మారింది: ఒకప్పుడు మనుషుల్లాంటి ప్రాణుల వర్గంలో ఉన్న గోబ్లిన్ ఇప్పుడు ఫే (మాయాలోకపు ప్రాణి), కోబోల్డ్ డ్రాగన్, నోల్ ఫీండ్ (పిశాచం). పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. మా బల్ల చుట్టూ ఎప్పుడో జరిగిన ఒక తగవు అక్షరం పొల్లు పోకుండా గుర్తుకు వచ్చింది.

క్రేయాన్‌తో దిద్దిన అంకెలు

మేము ఆట మొదలుపెట్టిన రోజుల్లో, కొత్తవాళ్ల కోసం చేసిన బేసిక్ అనే పెట్టెలో వచ్చే పాచికల మీద అంకెలకు రంగు ఉండేది కాదు. పెట్టెలోనే ఒక క్రేయాన్ ముక్క ఇచ్చేవారు. దాన్ని అంకెల గాడిలో గట్టిగా రుద్ది, పైన అంటుకున్న మైనాన్ని గుడ్డతో తుడిచేస్తే గాడిలో మిగిలిన రంగు వల్ల అంకె కనిపించేది. కొన్ని వారాలు ఆడేసరికి ఆ మైనం ఊడిపోయి, ఇరవై ముఖాల పాచిక మీద పడింది ఆరో తొమ్మిదో తెలియక, అందరం తలలు దగ్గరపెట్టి దీపం వైపు తిప్పి చూసేవాళ్లం. పాచిక చెక్క బల్ల మీద దొర్లే చప్పుడు ఎక్కువవుతోందని, పెట్టె మూతను వెల్లకిలా పెట్టి అందులో వేయించేవాడు అన్న.

అన్న అంటే మా డంజన్ మాస్టర్, గుహలనూ రాక్షసులనూ నడిపి ఆట ఆడించేవాడు. మాకంటే కొంచెం పెద్దవాడు, నియమాల పుస్తకాలన్నీ అతని దగ్గరే ఉండేవి. మాకందరికీ కలిపి ఉన్నది ఒక ఫోటోకాపీ. దాని పేజీలు ఎప్పుడూ వరుసలో ఉండేవి కావు. మంత్రాల పట్టిక కావాలంటే కట్టంతా వెతకవలసి వచ్చేది. హిట్ పాయింట్లు, అంటే పాత్రకు మిగిలిన ప్రాణబలం, రాసి చెరిపి, చెరిపి రాసి, పాత్ర వివరాలుండే క్యారెక్టర్ షీట్ మీద ఆ గడి ఒక్కటే పలచబడి చివరికి చిల్లు పడేది. ఇప్పటి ఆటగాళ్లకు తెలియని పదవులు రెండు ఉండేవి మా బల్ల దగ్గర. ఒకటి మ్యాపర్: అన్న ‘ముప్పై అడుగులు ఉత్తరానికి, తర్వాత తూర్పుకు మలుపు’ అని చెబుతుంటే గళ్ల కాగితం మీద గుహను గీయవలసినవాడు. రెండోది కాలర్: అందరం గోల చేసి ఏం చేయాలో తేల్చుకున్నాక, ఆ నిర్ణయాన్ని డంజన్ మాస్టర్‌కు చెప్పవలసినవాడు. కాలర్ నోటి నుంచి వచ్చిందే చెల్లుతుంది. వెనక ఎవరు ఏమన్నా అది గుసగుస కిందే లెక్క.

అందరూ చేసినట్టే మేము కూడా రెండు రకాల నియమాలను కలిపి ఆడేవాళ్లం. గుహలు, పాచికలు బేసిక్ పెట్టెవి, పాలడిన్ అనే ధర్మవీరుడు మాత్రం అడ్వాన్స్‌డ్ అనే మరో నియమాల పుస్తకంలోంచి వచ్చినవాడు. ఆ కలగలుపు వల్లనే తగవు వచ్చిందని ఇప్పుడు అనుకుంటాను. బేసిక్‌లో ప్రతి ప్రాణికీ లా (క్రమం), న్యూట్రల్ (తటస్థం), కేయాస్ (అరాచకం) అని మూడే పక్షాలు. అడ్వాన్స్‌డ్‌లో మంచి చెడులు కూడా చేరి ఆ పక్షాలే తొమ్మిది అలైన్‌మెంట్లయ్యాయి. పాలడిన్ లాఫుల్ గుడ్‌గానే, అంటే క్రమానికీ మంచికీ కట్టుబడి ఉండాలి. తెలిసి ఒక్క దుర్మార్గం చేస్తే చాలు, ఆ పదవి తిరిగి రాకుండా పోతుంది.

గుహలోని కోబోల్డ్‌లు

ఆ రోజుల్లో కొత్తవాళ్లందరినీ దింపే గుహలు ఒకే చోట ఉండేవి. ఈ ఆట సృష్టికర్తల్లో ఒకరైన గ్యారీ గైగాక్స్ రాసిన ‘ది కీప్ ఆన్ ది బోర్డర్‌ల్యాండ్స్’ అనే మాడ్యూల్ (ఆడించడానికి సిద్ధంగా రాసిపెట్టిన సాహసకథ) బేసిక్ పెట్టెలోనే వచ్చేది. ఒక కోట, దానికి కొంత దూరంలో ఒక లోయ, ఆ లోయ గోడల్లో వరుసగా గుహలు: ఒకదాంట్లో కోబోల్డ్‌లు, ఇంకోదాంట్లో ఓర్క్‌లు, మరోదాంట్లో గోబ్లిన్లు, ఆపైన హాబ్‌గోబ్లిన్లు, నోల్‌లు. వాళ్లలో వాళ్లకు పడదని, తెలివైన ఆటగాళ్లు ఆ పగలను వాడుకోవచ్చని గైగాక్స్ అందులోనే చెప్పాడు. పైకి చూస్తే చంపుకుంటూ పోవడానికి పేర్చిపెట్టిన గదుల వరుస. లోపలికి వెళితే అది ఇరుగుపొరుగులున్న కాలనీ.

కోట సత్రంలో వినిపించే పుకార్ల పట్టిక ఒకటి ఉంటుంది. పాచిక వేసి ఒక్కొక్కరం ఒక్కో పుకారు తెలుసుకుంటాం, అందులో కొన్ని నిజాలు, కొన్ని అబద్ధాలు. మా మ్యాపర్‌కు వచ్చిన పుకారు, గోబ్లిన్ల భాషలో ‘బ్రీ-యార్క్’ అంటే లొంగిపోతున్నామని. తీరా గుహ ద్వారం దగ్గర గోబ్లిన్లు అదే కేక పెడితే, మావాళ్లు కత్తులు దించి నిలబడ్డారు. అది లొంగుబాటు కాదు, సాయానికి రమ్మనే పిలుపు. గోడ వెనక ఉన్న ఓగర్ అనే భారీ రాక్షసుడికి గోబ్లిన్లు 250 బంగారు నాణేల సంచి విసరడం, వాడు మా మీద పడడం చకచకా జరిగిపోయాయి. అప్పట్లో పడీ పడీ నవ్వుకున్నాం గాని, తర్వాత మరో విషయం తట్టింది. ఆ మాడ్యూల్ మొత్తంలో గోబ్లిన్ల సొంత భాషలో మా చెవిన పడిన మాట అదొక్కటే. దాని అర్థం కూడా మాకు అబద్ధంగానే చేరింది. ఆ తర్వాత ఏ రాక్షసుడు చేతులెత్తినా మాలో దొంగ పాత్ర ఆడేవాడు నమ్మేవాడు కాదు. నమ్మకపోవడానికి అతని దగ్గర రుజువు ఉంది మరి.

కోబోల్డ్‌ల గుహలో దారి పొడవునా కష్టాలు పడ్డాం. ద్వారం దగ్గర గుంట, లోపల ఎలుకలు, నాయకుడి గదిలో గట్టి పోరు. చివరికి తలుపు తోసుకుని అందరూ కలిసి నివసించే పెద్ద గదిలోకి వచ్చాం. మగవాళ్లు ఎదురు తిరిగారు, పడిపోయారు. ఆ తర్వాత అన్న మామూలుగా చదివే గొంతుతో, ఆడ కోబోల్డ్‌లు, పిల్లలు గోడ వారకు చేరి ఉన్నారని చెప్పాడు.

“అన్నా, ఆ పిల్లల చేతుల్లో ఆయుధాలేమైనా ఉన్నాయా?” అని అడిగాడు పాలడిన్ ఆడేవాడు.

“లేవురా.”

“మరి ఏం చేస్తున్నారు?”

అన్న మాడ్యూల్‌లోకి ఒంగి చూసి, “పిల్లలు దాడి చేయరు అని ఉంది. అంతకు మించి ఏమీ రాయలేదు” అన్నాడు.

దొంగ ఆడేవాడికి ఇందులో సందేహమే కనిపించలేదు. ఇవి కేయాటిక్, పుస్తకంలో ఉంది. ఇప్పుడు వదిలేస్తే పెద్దవై కోట మీదికే వస్తాయి. పైగా చంపితే ఎక్స్‌పీ (పాత్ర లెవెల్ పెంచే అనుభవపు లెక్క) కూడా వస్తుంది. క్లెరిక్ (పూజారి పాత్ర) ఆడే అమ్మాయికి కోపం వచ్చింది. “రాక్షసకులంలో ప్రహ్లాదుడు పుట్టలేదా?” అని అడిగింది. “పుట్టాడు. ఒక్కడే పుట్టాడు” అన్నాడు దొంగ, అంతే వేగంగా. ఆ జవాబుకు మాలో ఎవరికీ మాట రాలేదు. ఆ సాయంత్రమంతా పాచిక కదలలేదు. కాలర్ ఏ నిర్ణయమూ చెప్పలేకపోయాడు, ఎందుకంటే చెప్పడానికి నిర్ణయమంటూ లేదు.

చివరికి అన్న ఒక పని చేశాడు. నియమాల కట్ట తిరగేసి, ఎదురుపడిన రాక్షసులు ఎలా స్పందిస్తారో తేల్చే రియాక్షన్ పట్టిక తీసి, రెండు ఆరు ముఖాల పాచికలు క్లెరిక్ చేతికి ఇచ్చాడు. ఏడు పడింది. పట్టిక ప్రకారం ఆరు నుంచి ఎనిమిది దాకా ‘ఎటూ తేల్చుకోలేని స్థితి’. అంటే ఆ కోబోల్డ్ తల్లులు కూడా సరిగ్గా మాలాగే ఉన్నారు, ఎదుటివాళ్లు ఏం చేస్తారో తెలియక. క్లెరిక్ తన సంచిలోని రేషన్లను నేల మీద పెట్టి వెనక్కి అడుగు వేస్తున్నానని చెప్పింది. దొంగ గొణిగాడు. పాలడిన్ తలుపు పక్కన నిలబడి దొంగను కనిపెట్టుకుని ఉన్నానన్నాడు. ఆ రాత్రి మేము ఆ గది నుంచి వెళ్లిపోయాం. తరువాతి సెషన్‌కు అన్న మ్యాపు వెనక ఏదో రాసుకుని వచ్చాడు. గోబ్లిన్ల గుహలోకి ఇంకో దారి ఉందని మాకు చెప్పింది ఒక ముసలి కోబోల్డ్. ఆ మాట మాడ్యూల్‌లో లేదు.

పట్టీలోనే ఉన్న చిక్కు

చాలా ఏళ్ల తర్వాత, ఉద్యోగాల్లో పడి ఆట తగ్గిపోయిన కాలంలో, పాత ముద్రణలను ఒక్కొక్కటిగా సంపాదించి చదివాను. అందులో నన్ను నిలబెట్టేసిన సంగతి, 1974 నాటి మొట్టమొదటి నియమాల్లో లా, న్యూట్రాలిటీ, కేయాస్ అని మూడు నిలువు వరుసలు ఉంటే, ఓర్క్‌లు కేయాస్ వరుసలోనే కాక న్యూట్రాలిటీ వరుసలో కూడా ఉండడం. పుట్టినప్పుడు ఓర్క్‌కు ఎటైనా వెళ్లే వీలు ఉండేది. 1977 నాటి మాన్‌స్టర్ మాన్యువల్‌కు వచ్చేసరికి ఆ వీలు పోయి లాఫుల్ ఈవిల్ (క్రమం తప్పని చెడు) స్థిరపడింది. తమాషా ఏమిటంటే, అదే పుస్తకం ఓర్క్‌ల స్థావరంలో మగవాళ్లను బట్టి ఆడవాళ్లు ఎందరుంటారో, పిల్లలు ఎందరుంటారో శాతాలతో లెక్క కట్టి చెబుతుంది. పై గీతలో పుట్టుక నుంచి దుష్టులని, కింది గీతలో ఇంతమంది పసివాళ్లని. రెండింటినీ రాసిన చెయ్యి ఒకటే.

గైగాక్స్ మీద నాకు కోపం లేదు గాని, ఆయన ఈ ప్రశ్నను ఎలా తేల్చాడో దాచి లాభం లేదు. 2005లో ఆన్‌లైన్ చర్చల్లో పాలడిన్ల గురించి అడిగితే, లొంగిపోయిన దుష్టులను చంపడం లాఫుల్ గుడ్‌కు విరుద్ధం కాదనే వైపు మాట్లాడాడు. ఆ సందర్భంలో పిల్లల సంగతి వచ్చినప్పుడు ఆయన గుర్తుచేసుకున్నది, 1864లో శాండ్ క్రీక్ దగ్గర అమెరికా ఆదివాసులను ఊచకోత కోయించిన కల్నల్ చివింగ్టన్ పేరిట ప్రచారంలో ఉన్న ‘ఈరులే పేలవుతాయి’ అన్న మాటను. ఆట లోకంలో చెడు అనేది మంత్రంతో పసిగట్టగల పదార్థం. అక్కడ ఆ తర్కం తనంతట తాను నిలబడుతుందని వాదించవచ్చు. అయితే ఆ తర్కానికి ఆసరా వెతుక్కోవలసి వచ్చినప్పుడు ఆయన చెయ్యి ఆట లోకంలోకి వెళ్లలేదు, మన చరిత్రలోకి వెళ్లింది. ఆ రోజు మా దొంగ అన్న ‘పెద్దవై కోట మీదికే వస్తాయి’ అన్న మాట కూడా అక్కడి నుంచి అరువు తెచ్చుకున్నదే; పాపం, అది వాడికి తెలియదు.

ఓర్క్‌లను ఈ ఆటకు అందించిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రచయిత టోల్కీన్ సైతం ఈ చిక్కు విప్పుకోలేకపోయాడు. చెడుకు సృష్టించే శక్తి లేదని ఆయన నమ్మకం, అందుకని ఓర్క్‌లు మొదట ఎవరో అయి ఉండి చెడిపోయినవాళ్లు కావాలి. ఎల్ఫ్‌లా, మనుషులా, మాటలు నేర్చిన మృగాలా అని జీవితం చివరిదాకా రాస్తూ, కొట్టేస్తూ పోయాడు. ఆయన తేల్చలేక వదిలేసినదాన్ని ఆట ఒక్క గడిలో రెండు మాటలు రాసి తేల్చేసింది.

ట్రోల్‌ల ఆకలి

మా బల్ల చెదిరిపోతున్న రోజుల్లో ఎవరో అరువిచ్చిన ట్రోల్‌ప్యాక్ పెట్టె నా దగ్గర చాలాకాలం ఉండిపోయింది. రూన్‌క్వెస్ట్ అనే ఇలాంటిదే మరో ఆట కోసం గ్రెగ్ స్టాఫర్డ్, శాండీ పీటర్సన్ కలిసి చేసిన ఆ పెట్టె 1982లో వచ్చింది. ఒక రాక్షసజాతి కోసమే పెట్టె నిండా పుస్తకాలు! ట్రోల్‌లు ఒకప్పుడు పాతాళపు చీకట్లో సుఖంగా బతికేవారు. చనిపోయిన సూర్యుడు పాతాళానికి దిగి రావడంతో ఆ వెలుగు వాళ్లను కాల్చి, వాళ్ల ఇంటి నుంచే తరిమేసింది. భూమి మీదికి వచ్చిన ట్రోల్‌లు శరణార్థులు. వాళ్ల సమాజంలో పెత్తనం ఆడవాళ్లది. తర్వాత ఒక శాపం తగిలి, ఆ తల్లులకు ట్రోల్‌కిన్ అనే కురచైన, బలహీనమైన సంతానం పుట్టడం మొదలైంది. ట్రోల్‌లు ట్రోల్‌కిన్‌లను బానిసల్లా చూస్తారు, తప్పదనుకుంటే తింటారు కూడా.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది వాళ్ల ఆకలి. ట్రోల్ ఏదైనా తింటుంది: మాంసం, ఎముక, కట్టె, రాయి. ఆ పెట్టె చదువుతుంటే ట్రోల్ మంచిదనిపించదు, మనల్ని తినదన్న భరోసా ఎక్కడా దొరకదు. కాని అది ఎందుకు అలా ఉందో తెలుస్తుంది. దాని పిల్లల సంగతి తలుచుకుంటే గొంతుకు ఏదో అడ్డుపడుతుంది. అదే లోకంలో బ్రూ అనే ప్రాణులూ ఉన్నాయి, వాటిలో దయ చూపదగినది ఏదీ లేదు. ఆ ఆట అన్నిటినీ కడిగి శుభ్రం చేయలేదు. నాకు ఈ సంక్లిష్టత నేర్పినది ఏదైనా ఉంటే అది ఆ పెట్టె.

వెతికితే ఇంకా ముందే ఉంది. 1976లోనే కెన్ సెయింట్ ఆండ్రే ‘మాన్‌స్టర్స్! మాన్‌స్టర్స్!’ అనే ఆటలో ఆటగాళ్లను రాక్షసుల వైపు కూర్చోబెట్టాడు. 1989 నాటి షాడోరన్ అనే ఆటలో ఓర్క్‌లు, ట్రోల్‌లు మనుషులే: కథ ప్రకారం 2021లో ఉన్నట్టుండి కోట్లమంది శరీరాలు మారిపోతాయి, నిన్నటిదాకా పక్కింటివాడు ఈ రోజు కోరలతో లేస్తాడు. 2004లో వచ్చిన ఎబెరాన్ అనే డంజన్స్ అండ్ డ్రాగన్స్ లోకంలో, మనుషులు రాకముందు ఖండాన్ని ఏలింది గోబ్లిన్ సామ్రాజ్యం. లోకాన్ని కాపాడిన ద్వారపాలకులు ఓర్క్ డ్రూయిడ్‌లు, అంటే ప్రకృతి పూజారులు.

ఈ మధ్యలో డ్రిజ్ట్ వచ్చాడు. నవలాకారుడు ఆర్.ఏ. సాల్వటోర్ 1988లో పరిచయం చేసిన ఈ నల్ల ఎల్ఫ్, తన దుర్మార్గపు జాతిని విడిచి వచ్చిన మంచివాడు. ఆ తర్వాత కొంతకాలం ఏ బల్ల దగ్గర కూర్చున్నా రెండు కత్తులు పట్టుకున్న ఏకాకి నల్ల ఎల్ఫ్ ఒకడు తప్పనిసరిగా ఉండేవాడు. అందరూ మినహాయింపులే, మినహాయింపు కాని నల్ల ఎల్ఫ్ ఆడినవాడిని నేను చూడలేదు! ప్రహ్లాదుడు ఒక్కడే పుట్టాడన్న మా దొంగ వాదనకు ఇది జవాబు కాదు, దానికి మరింత బలం. ఒక్కడు బయటికి వచ్చాడంటే, మిగిలినవాళ్లందరూ అక్కడే ఉండదగినవాళ్లని ఒప్పుకున్నట్టే.

మారిన గీతలు

2000లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడో ఎడిషన్ అలైన్‌మెంట్ ముందు ‘తరచుగా’, ‘సాధారణంగా’, ‘ఎల్లప్పుడూ’ అని విశేషణాలు చేర్చింది. తరచుగా అంటే నలభై నుంచి యాభై శాతం. నాకు అది బాగా నచ్చింది, గుమాస్తా లెక్కలా ఉన్నా సరే. అదే పుస్తకాల్లో, ఓర్క్‌కు మనిషికి పుట్టిన ‘సగం ఓర్క్’కు తెలివిలో రెండు తగ్గించడం మాత్రం కొనసాగింది. 2016లో ఓర్క్‌ను ఆడదగిన పాత్రగా ఇచ్చినప్పుడు కూడా ఆ కోత వెంట వచ్చి, 2020లో గాని పోలేదు. పాత్‌ఫైండర్ అనే మరో ఆటలో ఊళ్లు తగలబెట్టే వెర్రి గోబ్లిన్లు 2019 నాటి రెండో ఎడిషన్‌లో ప్రధాన పాత్రల వరుసలోకి వచ్చారు. 2023 నాటి సవరణలో ఆ ఆట అలైన్‌మెంట్‌నే తీసేసింది.

ఇవన్నీ జరగవలసినవే. పుట్టుకను బట్టి తెలివిని కోసే లెక్కను నేను ఏనాడూ సమర్థించలేదు. అయినా 2025 పుస్తకంలో గోబ్లిన్‌ను మనుషుల వర్గం నుంచి తీసి ఫేలలో కలపడం చూసినప్పుడు, చిక్కు విప్పడానికి బదులు దాన్ని వేరే గదిలో పెట్టి తలుపు వేసినట్టు అనిపించింది. ఒక ప్రాణి మనిషిలాంటిది కాదని తేల్చేస్తే, దాన్ని నరికేటప్పుడు ఎవరూ పాచిక పక్కన పెట్టి ఆలోచించరు. మరోవైపు, అందరూ మనలాంటివాళ్లేనని తేల్చేస్తే బందిపోట్ల చోటులో ఓర్క్‌లను, ఓర్క్‌ల చోటులో బందిపోట్లను పెట్టుకోవచ్చు, కథలో వెంట్రుకంత తేడా రాదు. ట్రోల్‌ప్యాక్ ఈ రెండు పనులూ చేయలేదు.

రెండు పాచికలు

మళ్లీ ఆడించడం మొదలుపెట్టాక నేను పాతదాన్ని ఒక్కదాన్నే వెనక్కి తెచ్చుకున్నాను: రియాక్షన్ పట్టిక. రెండు ఆరు ముఖాల పాచికలు వేస్తే ముప్పై ఆరు అవకాశాల్లో ఒకే ఒక్కటి రెండు, అప్పుడు వెంటనే దాడి. ఒకే ఒక్కటి పన్నెండు, అప్పుడు ఉత్సాహంగా స్నేహం. మధ్యలో ఆరు నుంచి ఎనిమిది దాకా పదహారు. దుష్టులని ముద్ర వేసిన అదే నియమాలు, ఎదురుపడిన రాక్షసుల్లో సగానికి కొంచెం తక్కువమంది ఏం చేయాలో తెలియక నిలబడి ఉంటారని అదే నోటితో చెప్పాయి. ఆపైన మొరేల్ అని ఇంకొకటి ఉండేది, తోటివాళ్లు పడిపోతుంటే పారిపోవాలా లొంగిపోవాలా అని రాక్షసుల తరఫున వేసే పాచిక. ఎక్స్‌పీలో ఎక్కువ భాగం బంగారం మీదే వచ్చేది, చంపడం మీద వచ్చేది చిల్లర; కోబోల్డ్ ఒక్కొక్కటి ఐదు. నెత్తురు చిందకుండా సంచి ఎత్తుకొచ్చినవాడే ముందు పై లెవెల్‌కు చేరేవాడు. తర్వాతి ఎడిషన్లలో ఈ పట్టికలు పక్కకు తప్పుకున్నాయి. పోరు ఎక్కువైంది, దాంతోపాటు అలైన్‌మెంట్ గడి మీద భారమూ పెరిగింది.

ఇప్పుడు నా బల్ల దగ్గర కూర్చునేవాళ్లు మాకంటే చురుకైనవాళ్లు. వాళ్లను అవే గుహల్లోకి దింపాను. గోబ్లిన్ల ద్వారం దగ్గర పదకొండు పడడంతో మాటలు మొదలయ్యాయి, ఆ మాటల్లో ఓగర్‌కు ముట్టే సంచి సంగతి బయటపడింది. ఓగర్ కూలికి పనిచేస్తున్నాడని అర్థం కాగానే వాళ్లు కత్తులు మరిచిపోయి లెక్కల్లో పడ్డారు: 300 నాణేలు ఇస్తాం, మా వైపు రమ్మంటాం. ఓగర్ ముందు సంచి పెట్టి పాచికలు వేస్తే పడింది నాలుగు. మూడు నుంచి ఐదు దాకా శత్రుభావం, దాడి చేయవచ్చు అని ఉంది. నేను ఓగర్ గద ఎత్తాడని అనబోతుండగా, ఒక అమ్మాయి పట్టిక లాక్కుని, “చేయవచ్చు అన్నారు గాని చేస్తాడనలేదు కదండీ, ఇంకో యాభై కలుపుతాం, వాడికి ఇల్లు, పిల్లలు ఉన్నారేమో అడగండి” అంది. ఓగర్‌కు పిల్లలు ఉన్నారో లేదో నేను ఇంకా తేల్చలేదు. వచ్చే వారం అక్కడి నుంచే మొదలుపెట్టాలి.